వరుసను వాక్యంగా చదవండి

బీటెక్‌లో డీబీఎంఎస్ పేపరు రాసినవాళ్ళందరికీ నార్మల్ ఫారాల పేర్లు గుర్తుంటాయి. నిర్వచనం రాసి, ఒక టేబుల్ గీసి, దాన్ని రెండు ముక్కలు చేసి చూపిస్తే మార్కులు పడ్డాయి. ఆ తర్వాత అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు చేసి, ఒరాకిల్ మీదో ఎస్‌క్యూఎల్ సర్వర్ మీదో చెయ్యి తిరిగి, ఉద్యోగంలో కుదురుకున్నాక ఆ పేపరుకూ ఈ పనికీ సంబంధం లేదన్న అభిప్రాయం స్థిరపడిపోతుంది. "థియరీ వేరు, ప్రాక్టికల్ వేరు" అని నమ్మకంగా చెప్పే సీనియర్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. కొత్తగా చేరినవాళ్ళు ఆ మాటే పట్టుకుంటారు.

ఆ మాట తప్పు. డేటాబేస్ పని చేసేవాళ్ళకు రోజూ అక్కరకొచ్చే చదువుల్లో రిలేషనల్ సిద్ధాంతానిదే మొదటి స్థానం అని నేను గట్టిగా నమ్ముతాను. బ్యాకప్ తియ్యడం, ప్యాచ్ ఎక్కించడం, మెమరీ సెట్టింగులు సరిచూడడం వంటివన్నీ వెర్షన్ మారినప్పుడల్లా మారుతుంటాయి. క్లౌడ్ వచ్చాక వాటిలో చాలా పనులు క్లౌడ్ కంపెనీలే చేసిపెడుతున్నాయి. "ఈ రిపోర్టులో లెక్క ఎందుకు తప్పుతోంది? ఈ డేటా ఎక్కడ చెడింది?" అన్న ప్రశ్నలు మాత్రం ఎక్కడికీ పోలేదు. వాటికి జవాబు చెప్పగలిగినవాళ్ళ కోసమే మీటింగులో అందరూ ఎదురుచూస్తారు.

సిద్ధాంతమంతా ఒక్క మాటలో చెప్పమంటే ఇలా చెబుతాను. టేబుల్లో ఉన్న ప్రతి వరుసా ఒక వాక్యం, అదీ నిజమైన వాక్యం. టేబుల్ అంటే అలాంటి వాక్యాల సమితి. ఇది మనసుకు పడితే కీ, నార్మలైజేషన్, నల్, జాయిన్ అన్నీ ఒక్కొక్కటిగా విడివడి అర్థమవుతాయి. ఇది పట్టకుండా అవన్నీ బట్టీ పట్టినవాళ్ళకు పరీక్ష హాలు దాటగానే మిగిలేది ఏమీ ఉండదు.

కాడ్ ఏం మార్చారు

1960లలో పెద్ద కంపెనీల డేటా చెట్టు కొమ్మల్లాగానో, గొలుసుల్లాగానో అల్లి ఉండేది. అపోలో కార్యక్రమంలో రాకెట్ విడిభాగాల లెక్క కోసం మొదలైన ఐబీఎం వారి ఐఎంఎస్‌లో పై రికార్డు నుంచి కింది రికార్డుకు దిగుతూ వెళ్ళాలి. ఇంకో రకం వ్యవస్థల్లో ఒక రికార్డు నుంచి మరో రికార్డుకు పాయింటర్ పట్టుకుని నడవాలి. దారి ప్రోగ్రామర్‌కు తెలిసి ఉండాలి, ఆ దారి ప్రోగ్రాములోనే రాసి ఉండాలి. డేటా అమరిక కాస్త మారిందంటే ప్రోగ్రాములన్నీ తిరగరాయాల్సిందే.

ఎడ్గర్ కాడ్ 1923లో ఇంగ్లాండ్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చదివారు, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పైలట్‌గా పనిచేశారు. తర్వాత అమెరికా వెళ్ళి ఐబీఎంలో చేరి, శాన్ హోసే పరిశోధన కేంద్రంలో ఉండగా 1969లో ఒక అంతర్గత నివేదిక రాశారు. దాన్ని పెంచి, 1970 జూన్‌లో కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం పత్రికలో ప్రచురించారు. డేటాను సమితులుగా, తర్కశాస్త్రం ఒప్పుకునే వాక్యాలుగా చూడాలని, ఏం కావాలో అడిగితే చాలని, ఎలా తేవాలో యంత్రం చూసుకుంటుందని ఆయన ప్రతిపాదన.

అప్పటికి బాగా అమ్ముడుపోతున్న ఐఎంఎస్ చేతిలో ఉండగా ఐబీఎం ఈ ఆలోచన మీద తొందరపడలేదు. 1974లో కాడ్‌కూ, పాయింటర్ పద్ధతికి పెద్దదిక్కు అయిన చార్లెస్ బాక్‌మన్‌కూ నిండు సభలో వాదన జరిగింది. అదే ఏడాది ఛాంబర్లిన్, బాయిస్ ఇద్దరూ సీక్వెల్ అనే భాషను పరిచయం చేశారు. ఈనాటి ఎస్‌క్యూఎల్ దాని నుంచే వచ్చింది. శాన్ హోసేలో సిస్టమ్ ఆర్, బర్క్‌లీలో ఇంగ్రెస్ అనే రిలేషనల్ వ్యవస్థలు తయారయ్యాయి. 1979లో ఒరాకిల్ బజారుకొచ్చింది. 1981లో కాడ్‌కు ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు.

ఈ చరిత్ర మీ ఉద్యోగంలో ఎక్కడుందంటే, రాత్రి పదకొండింటికి మీరు ఒక ఇండెక్స్ వేస్తారు, పొద్దున్నకల్లా స్క్రీన్లు వేగంగా పనిచేస్తాయి, అప్లికేషన్ కోడ్‌లో ఒక్క అక్షరం మారదు. అలా మారనక్కర్లేకపోవడమే కాడ్ సాధించింది. దాన్ని మనం ఇప్పుడు గాలీ నీరూ అంత సహజంగా తీసుకుంటున్నాం.

పాల కేంద్రంలో ఒక టేబుల్

పుస్తకాల్లో ఎప్పుడూ ఉద్యోగి, శాఖ, జీతం అనే ఉదాహరణే ఇస్తారు. ఆ ఉదాహరణలో కష్టమేమీ లేదు కాబట్టి దాని నుంచి నేర్చుకునేదీ తక్కువే. మన ఊళ్ళలో ఉండే పాల సేకరణ కేంద్రాన్ని తీసుకుందాం. రైతు ఉదయం, సాయంత్రం పాలు తెచ్చి పోస్తాడు. ఎన్ని లీటర్లో చూస్తారు. శాంపిల్ తీసి మెషీన్‌లో ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థం) చూస్తారు. చార్టు ప్రకారం రేటు కట్టి స్లిప్పు ఇస్తారు. పదిహేను రోజులకోసారి దాణా బాకీ పట్టుకుని మిగతా డబ్బు ఖాతాలో వేస్తారు.

దీనికి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు తరచూ ఒకే టేబుల్ చేస్తారు: రైతు కోడ్, పేరు, ఊరు, బ్యాంకు ఖాతా, తేదీ, పూట, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్, రేటు, మొత్తం. ఒక వరుసను బయటికి చదవండి. "214 కోడ్ ఉన్న రైతు పేరు ఫలానా, ఊరు ఫలానా, ఆమె ఖాతా నంబరు ఫలానా, ఆమె మూడో తేదీ ఉదయం 5 లీటర్లు పోసింది, ఫ్యాట్ 6.8, ఎస్‌ఎన్‌ఎఫ్ 9.0, ఆ లెక్కకు రేటు ఇంత." చదువుతుంటేనే చెవికి తెలుస్తుంది, ఇందులో మూడు వాక్యాలు ఇరుక్కుని ఉన్నాయని. ఆ రైతు ఎవరన్నది ఒకటి. ఆ పూట ఎన్ని పాలు పోసిందన్నది రెండోది. ఇంత ఫ్యాట్‌కూ ఇంత ఎస్‌ఎన్‌ఎఫ్‌కూ ఇంత రేటన్నది మూడోది, దానికి ఈ రైతుతో పనే లేదు.

విడదీయాల్సిన చోటు ఎలా తెలుస్తుంది? తేదీ, పూట మారినా మారని ముక్క ఏదో చూడండి. పేరు, ఊరు, ఖాతా మారవు. అవి రైతు కోడ్ ఒక్కదాని మీదే ఆధారపడ్డాయి. దీన్నే ఫంక్షనల్ డిపెండెన్సీ అంటారు. కీలో ఒక భాగం మీద మాత్రమే ఆధారపడినదాన్ని బయటికి తియ్యమనేది రెండో నార్మల్ ఫారం. కీ కాని కాలమ్‌ల మీద ఆధారపడిన రేటు లాంటిదాన్ని తియ్యమనేది మూడోది. ఈ రెండూ 1971లో కాడ్ చెప్పినవే.

తియ్యకపోతే ఏమవుతుంది? ఆ రైతు బ్యాంకు మార్చుకుంటే వందల వరుసల్లో ఖాతా నంబరు దిద్దాలి. నాలుగు వరుసలు మిగిలిపోతే అదే రైతుకు రెండు ఖాతాలున్నట్టు డేటాబేసే చెబుతుంది. రెండూ నిజం కాలేవు, ఏది నిజమో ఆ టేబుల్ చూసి ఎవరూ చెప్పలేరు. కొత్తగా చేరి ఇంకా పాలు పొయ్యని రైతును నమోదు చేయడానికి చోటే ఉండదు. పాత స్లిప్పులు తుడిచేస్తే పాలు మానేసిన రైతు పేరు కూడా వాటితోపాటే పోతుంది. పరీక్షల్లో అప్‌డేట్, ఇన్సర్ట్, డిలీట్ అనామలీలు అని రాసినవి ఇవే. అక్కడ అవి మూడు మార్కుల ప్రశ్న, ఇక్కడ ఒక రైతు పదిహేను రోజుల డబ్బు.

ఇక కీ సంగతి. రైతు కోడ్, తేదీ, పూట కలిపితే వరుస తేలిపోతుందా? దీనికి జవాబు కంప్యూటర్ ముందు కూర్చుంటే దొరకదు. కేంద్రం నడిపే మనిషిని అడగాలి: "ఒకే రైతు ఒకే పూట ఆవు పాలు, గేదె పాలు విడివిడిగా పోస్తాడా?" పోస్తాడంటే పాల రకం కూడా కీలో ఉండాలి. "ఒకే పూట రెండుసార్లు తెస్తారా?" తెస్తారంటే కథ ఇంకా మారుతుంది. సిద్ధాంతం మీతో అడిగించేది ఇలాంటి ప్రశ్నలనే. ఆటోమేటిక్‌గా పెరిగే ఐడీ నంబరు ఒకటి పెట్టి ప్రైమరీ కీ అయిపోయిందనుకునేవాళ్ళు ఈ ప్రశ్న అడగకుండానే దాటిపోతారు. నెట్ ఆగి ఆపరేటర్ సేవ్ బటన్ రెండుసార్లు నొక్కితే ఒకే స్లిప్పు రెండు ఐడీలతో కూర్చుంటుంది, డేటాబేస్ మారు మాట్లాడదు. ఐడీ పెట్టుకోండి, తప్పులేదు. కానీ అసలు కీ మీద యూనీక్ కన్‌స్ట్రెయింట్ లేని టేబుల్‌ను నేను సగం కట్టిన ఇంటి కిందే లెక్కేస్తాను.

రేటు విషయంలో ఒక చిక్కుంది, పాఠ్యపుస్తకాలు దీని జోలికి పెద్దగా పోవు. చార్టు అప్పుడప్పుడూ మారుతుంది. కాబట్టి చార్టు టేబుల్లో ఏ తేదీ నుంచి అమలు అన్నది ఉండాలి. అప్పుడు ఏ స్లిప్పుకైనా రేటు చార్టు నుంచి తీసుకోవచ్చు, స్లిప్పులో మళ్ళీ రాయనక్కర్లేదు. మరి రైతు చేతికిచ్చిన కాగితం మీద ముద్రించిన రేటు సంగతేమిటి? చార్టు తప్పుగా ఎక్కించి, రెండు రోజుల తర్వాత దిద్దారనుకోండి. "చార్టు ప్రకారం రేటు ఇంత" అన్నది ఒక వాక్యం. "ఆ రోజు రైతుకు ఇంత రేటని కాగితం ఇచ్చాం" అన్నది వేరే వాక్యం. రెండోది జరిగిపోయిన సంగతి, చార్టు దిద్దినా అది మారదు. అది మీకు అవసరమైతే స్లిప్పులో ఉంచాల్సిందే, తర్వాత ఎప్పుడూ దాన్ని తిరగలెక్క కట్టకూడదు. ఒకే అంకె రెండు చోట్ల కనిపించిందని కంగారుపడి తీసేయడం నార్మలైజేషన్ కాదు. వాక్యం ఏమిటో తేల్చుకున్నాకే తియ్యాలో ఉంచాలో తేలుతుంది.

ఒక జాయిన్, అరవై వేల కోత

టేబుళ్ళు సరిగ్గా విడగొట్టారు. పాల స్లిప్పులు ఒక టేబుల్లో, దాణా బాకీలు ఒక టేబుల్లో ఉన్నాయి. పదిహేను రోజుల బిల్లు తియ్యాలి. 214 కోడ్ రైతుకు 30 స్లిప్పులున్నాయి, మొత్తం 150 లీటర్లు. దాణా రెండుసార్లు తీసుకుంది, 800 రూపాయలకోసారి, 1,200 రూపాయలకోసారి. కలిపి 2,000. కొత్తగా వచ్చిన కుర్రాడు స్లిప్పులనూ బాకీలనూ రైతు కోడ్ మీద జాయిన్ చేసి, లీటర్లూ బాకీ రెండూ సమ్ కొట్టాడు. లీటర్లు 300 అని వచ్చాయి, బాకీ 60,000 అని వచ్చింది.

ఎందుకు? ఒక్కో స్లిప్పుకు రెండు బాకీలూ వచ్చి తగులుకున్నాయి, 30 కాస్తా 60 వరుసలయ్యాయి. లీటర్లు రెండింతలయ్యాయి, బాకీ ముప్ఫై రెట్లయింది. ఇలాంటప్పుడు చాలామంది చేతికి అందే మందు డిస్టింక్ట్. సమ్ లోపల డిస్టింక్ట్ పెడితే బాకీ 2,000 సరిగ్గానే వస్తుంది, కుర్రాడు ఊపిరి పీల్చుకుంటాడు. కానీ లీటర్ల దగ్గర ఉదయం 5, సాయంత్రం 5 పోస్తే రెండు అయిదుల్లో ఒకటి మాయమైపోతుంది. దాణా కూడా రెండుసార్లూ 800కే తీసుకుని ఉంటే అక్కడా తప్పే. ఈ తప్పు టెస్టింగ్‌లో దొరక్కపోవచ్చు, బిల్లు రైతు చేతికి చేరాకే బయటపడుతుంది.

వాక్యంగా చదివే అలవాటుంటే ఈ గొడవే రాదు. జాయిన్ చేశాక వచ్చిన వరుస ఏం చెబుతోంది? "ఈ రైతు ఈ పూట ఇన్ని పాలు పోసింది, ఇదే రైతు ఫలానా రోజు ఇంత దాణా తీసుకుంది." ఆ రెండు సంగతులకూ ఒకదానితో మరొకదానికి సంబంధమే లేదు, రైతు ఒక్కరు కావడం తప్ప. సంబంధం లేని రెండు జాబితాలు ఒకే వరుసలో చేరితే ప్రతిదానికీ ప్రతిదీ జత కడుతుంది. ఈ ఆకారానికే రొనాల్డ్ ఫాగిన్ 1977లో మల్టీవాల్యూడ్ డిపెండెన్సీ అని పేరు పెట్టి నాలుగో నార్మల్ ఫారం చెప్పాడు. "నాలుగో ఫారం ఎవరికి కావాలి?" అని కొట్టిపారేసేవాళ్ళే ఏడాదికి నాలుగుసార్లు ఈ గుంటలో పడతారు. వైద్యం తేలిక: స్లిప్పులను రైతు వారీగా ముందు కూడండి, బాకీలను రైతు వారీగా ముందు కూడండి, ఒక్కో రైతుకు ఒక్కో వరుసే మిగిలాక అప్పుడు కలపండి.

ఎవరి క్వెరీలోనైనా డిస్టింక్ట్ కనబడితే అది ఎందుకుందో అడగండి. జవాబు "లేకపోతే డూప్లికేట్లు వస్తున్నాయి" అయితే, ఆ క్వెరీలో ఎక్కడో ఒక జాయిన్ తప్పు ఉన్నట్టే లెక్క.

కన్నం పడిన వాక్యం

నల్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఒక సాయంత్రం మెషీన్ పనిచేయలేదు, ఫ్యాట్ చూడలేదు, గడి ఖాళీ. ఫ్యాట్ 5 కన్నా తక్కువ ఉన్న స్లిప్పులెన్నో లెక్కపెట్టండి. 5గానీ అంతకన్నా ఎక్కువగానీ ఉన్నవెన్నో లెక్కపెట్టండి. రెండూ కలిపితే మొత్తం స్లిప్పులు రావు, ఆ సాయంత్రానివి ఏ లెక్కలోనూ లేవు. ఎందుకంటే నల్‌తో పోల్చిన ప్రతిదానికీ జవాబు అవును కాదు, కాదు కూడా కాదు, తెలియదు. వేర్ క్లాజు అవునన్న వరుసలనే తీసుకుంటుంది.

దీనికన్నా ఘోరం నాట్ ఇన్. ఈ పక్షం దాణా తీసుకోని రైతుల జాబితా కావాలి. దాణా టేబుల్లోని రైతు కోడ్‌లలో లేని కోడ్‌లు ఇవ్వమని నాట్ ఇన్‌తో అడిగారు. దాణా టేబుల్లో ఒకే ఒక్క వరుసలో కోడ్ ఖాళీగా ఉంది, ఎవరో బయటి మనిషి నగదిచ్చి బస్తా కొనుక్కెళ్ళాడు. మీ క్వెరీకి జవాబుగా ఒక్క పేరు కూడా రాదు. ఎర్రర్ కూడా రాదు. అందరూ దాణా తీసుకున్నారని రిపోర్టు వెళ్ళిపోతుంది. 214 అన్నది ఆ తెలియని కోడ్‌కు సమానం కాదని ఎవరు చెప్పగలరు? డేటాబేస్ చెప్పలేదు, అందుకని ఏ రైతునూ జాబితాలో పెట్టదు. అందుకే నాట్ ఇన్ బదులు నాట్ ఎగ్జిస్ట్స్ వాడే అలవాటు చేసుకోండి. అంతకన్నా ముందు ఆ కోడ్ ఖాళీగా ఎందుకుందో అడగండి.

నల్ ఉండొచ్చా లేదా అన్న విషయంలో కాడ్‌కూ, ఆయన సిద్ధాంతాన్ని పుస్తకాలు రాసి లోకానికి విడమర్చి చెప్పిన క్రిస్ డేట్‌కూ కూడా కుదరలేదు. కాడ్ నల్‌ను సమర్థించారు, డేట్ ఒప్పుకోలేదు. నా ఓటు డేట్‌కే. ఫ్యాట్ పరీక్షను వేరే టేబుల్లో పెడితే "ఈ స్లిప్పు శాంపిల్‌కు ఇంత ఫ్యాట్ వచ్చింది" అన్నది నిండు వాక్యం. పరీక్ష జరగకపోతే ఆ వాక్యం లేదు, అంతే. ప్రతి చోటా ఇంత పట్టుదలగా విడగొట్టడం కుదరదని నాకూ తెలుసు. కానీ కొత్త కాలమ్ చేర్చేటప్పుడు నల్ అనుమతించాలంటే దానికో కారణం రాసిపెట్టే పద్ధతి పెట్టుకుంటే చాలు, సగం నల్‌లు పుట్టకముందే ఆగిపోతాయి.

నియమాలు ఎక్కడ రాయాలి

"చెకింగులన్నీ అప్లికేషన్‌లో చేస్తున్నాం, డేటాబేస్‌లో ఎందుకు? స్లో అయిపోతుంది" అనేది అందరం విన్న మాట. ఆ అప్లికేషన్ ఒక్కటే ఆ టేబుల్లోకి రాస్తోందా? మొబైల్ యాప్ రాస్తుంది, వెబ్ స్క్రీన్ రాస్తుంది, నెలాఖరున ఎవరో ఎక్సెల్ షీటు అప్‌లోడ్ చేస్తారు, అర్ధరాత్రి అత్యవసరంగా ఎవరో చేత్తో అప్‌డేట్ కొడతారు. అయిదేళ్ళలో అప్లికేషన్ తిరగరాస్తారు, డేటా మాత్రం అదే ఉంటుంది. నియమం డేటా పక్కనే ఉండాలన్నది కాడ్ 1985లో ప్రకటించిన నియమాల్లో ఒకటి, ఆయన దాన్ని ఇంటిగ్రిటీ ఇండిపెండెన్స్ అన్నారు.

స్లో అవుతుందన్న భయానికి రెండో వైపు కూడా చూడాలి. 1979లో పెట్రీషియా సెలింగర్, ఆమె సహచరులు సిస్టమ్ ఆర్‌లో ఖర్చు అంచనా కట్టి దారి ఎంచుకునే ఆప్టిమైజర్ గురించి పేపరు రాశారు. నేటి ఆప్టిమైజర్లు ఆ వంశంలోవే. అవి మీ క్వెరీని తిరగరాయగలవు, ఎందుకంటే రిలేషనల్ ఆల్‌జీబ్రాలో ఏది దేనికి సమానమో రుజువై ఉంది. మీరు ఎక్కువ నిజాలు ప్రకటిస్తే అవి ఎక్కువ తిరగరాయగలవు. ఫారిన్ కీ ఉందనుకోండి, అవసరం లేని జాయిన్‌ను ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ రెండూ కొన్ని సందర్భాల్లో పూర్తిగా తీసేస్తాయి. అయితే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పెద్ద లోడ్ కోసం ఫారిన్ కీ ఆపి, తర్వాత పాత డేటాను సరిచూడకుండానే మళ్ళీ ఆన్ చేస్తే అది దాన్ని నమ్మదు, ప్లాన్‌లో వాడుకోదు. కీ కనిపిస్తూనే ఉంటుంది, ఉపయోగం పోతుంది. మీ సర్వర్‌లో ఇలాంటివి ఎన్నున్నాయో సిస్టమ్ టేబుళ్ళలో ఇప్పుడే చూసుకోవచ్చు.

"ఇప్పుడు ఇదంతా పాతదైపోయింది కదా?"

2006లో గూగుల్ బిగ్‌టేబుల్ పేపరు, 2007లో అమెజాన్ డైనమో పేపరు వచ్చాక రిలేషనల్ పని అయిపోయిందని చాలామంది అన్నారు. కానీ 2017లో గూగుల్ ఇంజనీర్లే తమ స్పానర్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ వ్యవస్థగా ఎలా మారిందో పేపరు రాశారు. వేల సర్వర్ల మీద డేటా పరచడం నిజంగా కష్టమైన సమస్య, దానికి బిగ్‌టేబుల్, డైనమో లాంటివి చేసిన మేలు తక్కువది కాదు. కానీ ఒకే నిజాన్ని మూడు చోట్ల రాస్తే మూడూ ఎప్పుడూ ఒకేలా ఉండేలా ఎవరో చూసుకోవాలన్న సంగతి ఏ వ్యవస్థలోనూ మారదు. వేగం కోసం డీనార్మలైజ్ చేయండి, రిపోర్టుల కోసం స్టార్ స్కీమా కట్టండి. ఏ డిపెండెన్సీని తెలిసి తెలిసి వదిలేస్తున్నారో, ఆ నకళ్ళను ఏ ప్రోగ్రామ్ సరిచేస్తుందో రాసి పెట్టుకోండి. అది రాయలేని మనిషి డీనార్మలైజ్ చేయడం లేదు, డిజైన్‌ను వదిలేస్తున్నాడు.

ఏఐ క్వెరీలు రాసిపెడుతున్న ఈ రోజుల్లో ఈ చదువు విలువ పెరిగిందనే నా నమ్మకం. పైన చెప్పిన అరవై వేల బాకీ క్వెరీని ఏఐ కూడా చక్కగా ఇండెంట్ చేసి ఇవ్వగలదు. సింటాక్స్ తప్పుండదు, రన్ అవుతుంది, అంకె వస్తుంది. ఆ అంకె ఏ వాక్యాన్ని లెక్కపెట్టిందో చూసి చెప్పాల్సింది మీరే.

ఎలా మొదలుపెట్టాలి

మీ ఆఫీసులో ఎక్కువ ఫిర్యాదులు వచ్చే టేబుల్ ఒకటి ఎంచుకోండి. దాని వరుసను తెలుగులో ఒక పూర్తి వాక్యంగా రాయండి, ఖాళీల్లో కాలమ్ పేర్లు పెట్టి. వాక్యం కుదరలేదంటే ఆ టేబుల్ ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియదన్నమాట. కుదిరితే దాన్ని డేటా ఎక్కించే మనిషికి చూపించి, "ఇది ఎప్పుడూ నిజమేనా? ఎప్పుడు కాదు?" అని అడగండి. ఈ అడగడం మానొద్దు. మీకు కావలసిన డిపెండెన్సీలు ఆ మనిషి నోట్లోనే ఉన్నాయి.

విన్నవన్నీ బాణం గుర్తుతో కాగితం మీద రాయండి: రైతు కోడ్ నుంచి ఖాతా; ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్, తేదీల నుంచి రేటు. 1974లో ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పిన మూడు సూత్రాలతో వాటి నుంచి ఇంకేమేం వస్తాయో, ఏ కాలమ్‌లు కలిస్తే కీ అవుతుందో లెక్క కట్టండి. పెన్నూ కాగితంతో అయ్యే పని ఇది. తర్వాత డేటాను అడగండి. రైతు కోడ్ మీద గ్రూప్ బై పెట్టి, వేర్వేరు ఖాతా నంబర్లు ఒకటికన్నా ఎక్కువ ఉన్న కోడ్‌లు చూపించమంటే చాలు, నియమం ఎక్కడెక్కడ తప్పిందో బయటపడుతుంది. వచ్చిన జాబితాను మెయిల్‌లో పెట్టి సంబంధిత విభాగానికి పంపండి. శుభ్రం చేయించాక కన్‌స్ట్రెయింట్ వేయండి. శుభ్రం చేసి కన్‌స్ట్రెయింట్ వేయకపోతే మూడు నెలల్లో మళ్ళీ అదే జాబితా తయారవుతుంది.

టేబుల్ విడగొట్టే ముందు ఒక జాగ్రత్త. డిపెండెన్సీ ఉన్న చోట విడగొడితే మళ్ళీ కలిపినప్పుడు ఉన్నది ఉన్నట్టు వస్తుంది, దీన్ని 1971లోనే హీత్ రుజువు చేశాడు. లేని చోట విడగొడితే కలిపినప్పుడు ఎన్నడూ జరగని వరుసలు పుట్టుకొస్తాయి. అందుకే విడగొట్టాక కలిపి, పాత టేబుల్‌తో వరుసల సంఖ్యా, వరుసలూ సరిచూడకుండా పాతదాన్ని తుడవకండి.

చదవడానికి డేట్ 2009లో రాసిన ఎస్‌క్యూఎల్ అండ్ రిలేషనల్ థియరీ పని చేసేవాళ్ళ కోసమే రాసిన పుస్తకం, రోజుకో నాలుగు పేజీలు చదివినా సరిపోతుంది. అంతకన్నా ముందు కాడ్ 1970 నాటి పేపరు చదవండి. అది పదకొండు పేజీలే. మొదటిసారి సగమే అర్థమైనా ఫర్వాలేదు, మీ టేబుల్ ఒకటి పక్కన పెట్టుకుని రెండోసారి చదవండి. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.